సీఎస్‌ఈనా, ఏఐఎంఎల్లా? వెబ్ ఆప్షన్లు పెట్టేముందు

ఎప్‌సెట్ ర్యాంకు వచ్చినప్పటి నుంచీ మా అక్క కొడుకుది ఒకటే ప్రశ్న: "మామా, మామూలు సీఎస్‌ఈ పెట్టాలా, ఏఐఎంఎల్ పెట్టాలా?" సీఎస్‌ఈ అంటే కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్, ఏఐఎంఎల్ అంటే అందులోనే కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్ మీద నడిచే బ్రాంచి, దీన్నే సీఎస్‌ఎం అని కూడా రాస్తారు. మా బావకైతే పేరులో ఏఐ ఉండాల్సిందే. ఆయన్నీ తప్పుపట్టలేం, టీవీ పెడితే అదే మాట. 2024 మార్చిలో కేంద్రం ఇండియా ఏఐ మిషన్‌కి పదివేల కోట్లు దాటి ఓకే చేసింది. హైదరాబాద్ ఐఐటీ ఏఐలో బీటెక్ 2019లో మొదలుపెట్టినప్పుడు ఇచ్చింది 20 సీట్లే, ఇప్పుడేమో ఊరి చివరి కాలేజీ ఫ్లెక్సీ మీద కూడా సీఎస్‌ఎం, సీఎస్‌డీ (డేటా సైన్స్). సీట్లు పెరిగినంత తొందరగా పాఠం చెప్పేవాళ్లు ఎక్కణ్ణుంచి వస్తారు?

మొన్న ఆదివారం వాడూ నేనూ కూర్చుని, ఒకే కాలేజీవి రెండు సిలబస్‌లు పక్కపక్కన పెట్టి చూశాం. రెండో ఏడు దాకా డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, అన్నీ కవలపిల్లలే. మూడో ఏడు నుంచి సీఎస్‌ఎంలో డీప్ లెర్నింగ్, ఎన్‌ఎల్‌పీ (మన భాషను కంప్యూటర్‌కి నేర్పే పాఠం) తప్పనిసరి, సీఎస్‌ఈ వాళ్లు కావాలంటే ఎలెక్టివ్‌గా తీసుకోవచ్చు. సరే, ల్యాబ్ ఎలా ఉంటుందో చూద్దామని వాళ్ల వీధిలో ఉండే సీనియర్ రికార్డు అడిగి తెచ్చాడు. ల్యాబ్‌లో ఏఐ లెక్కలు వేగంగా చేసే జీపీయూ చిప్ లేదట, పిల్లలంతా సొంత మొబైల్ డేటాతో, ఇంటర్నెట్‌లోనే కోడ్ నడిపించే గూగుల్ కొలాబ్‌లో చేశారట. రికార్డులో కోడ్ చేత్తో రాసి, అవుట్‌పుట్ ప్రింట్ తీసి అంటించారు. పక్కవాడి రికార్డులోనూ యాక్యురసీ (ప్రోగ్రాం ఎంత శాతం సరిగ్గా చెప్పిందో) చివరి దశాంశం దాకా అదే! ఎవరికి వాళ్లు రన్ చేస్తే అలా కలవడం అరుదు.

నా ఓటు, కాలేజీ ఒకటే అయితే, సీఎస్‌ఈకే. కొలాబ్ ఇంట్లోనూ ఉంటుంది, ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల మెషీన్ లెర్నింగ్ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. కంప్యూటర్ నెట్‌వర్క్స్, కంపైలర్స్ మాత్రం పరీక్ష లేకపోతే ఎవరూ ముట్టుకోరు, నేను ముట్టుకున్నానా? పైగా ఈ రంగంలో నేర్చుకున్నది ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేం. 2017లో ట్రాన్స్‌ఫార్మర్ అనే కొత్త రకం ఏఐ మోడల్ వచ్చేముందు, ఏఐతో అనువాదమంటే ఎక్కువగా ఎల్‌ఎస్‌టీఎం అనే పాత రకం మోడళ్లే. అప్పుడు కొత్తదానికి తేలిగ్గా మారినవాళ్లు లెక్కలు గట్టిగా ఉన్నవాళ్లే, అవీ మనం ఇంటర్‌లో మార్కుల కోసం బట్టీపట్టిన మాత్రికలు, సంభావ్యత, అవకలనమే.

అలాగని సీఎస్‌ఎం వద్దనడం లేదు. ర్యాంకుకి మంచి కాలేజీలో అదొక్కటే వస్తుంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు, కంపెనీలు చాలావరకు రెండింటినీ ఒకే వరుసలో కూర్చోబెడతాయి. మేనేజ్‌మెంట్ కోటాలో ఆ పేరు కోసం లక్షలు ఎక్కువ కట్టడం మాత్రం శుద్ధ దండగ. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) సంగతి వేరే, సర్క్యూట్ల మీద ఇష్టముంటేనే అటు వెళ్లాలి.

వాడు సరేనన్నాడు, లిస్టు కూడా నా ముందే రాసుకున్నాడు. నిన్న అక్క ఫోన్ చేసింది, రాత్రి బావ పక్కన కూర్చుని మొదటి మూడు ఆప్షన్లూ ఏఐఎంఎల్‌కి మార్పించాడట.