స్టో తోటలో కొరింథియన్ కమాను

ఇంగ్లండ్‌లోని బకింగ్‌హమ్ నుంచి స్టో తోటకు వెళ్లే దారి రెండున్నర కిలోమీటర్ల దాకా సూటిగా సాగుతుంది. దాని కొసన, మిట్ట మీద, 60 అడుగుల ఎత్తు, అంతే వెడల్పుతో కొరింథియన్ కమాను (ఆకుల నగిషీ తలలున్న ప్రాచీన గ్రీకు స్తంభాల శైలి పేరే కొరింథియన్) నిలబడి ఉంటుంది. హైదరాబాద్ చార్ కమాన్ కింద నుంచి తిరిగిన అలవాటు కొద్దీ మన కారు కూడా ఇందులోంచే పోతుందనుకున్నాను గాని, రోడ్డు తీరా దాని ముందుకు వచ్చి పక్కకు మళ్లిపోయింది.

1765లో థామస్ పిట్ రూపకల్పన చేసిన ఈ కమాను పని దారి ఇవ్వడం కాదు, చూపు నిలపడం. ఎదురుగా నిలబడితే, లోయకు అవతల ఉన్న తోట యజమానుల భవనం స్టో హౌస్ దక్షిణ ముఖం పటం కట్టించినట్టు అందులో ఇముడుతుంది. బయటి నుంచి వచ్చేవారి వైపు గోడకు అంటిన చప్పటి స్తంభాలు, భవనం వైపు గుండ్రంగా ముందుకు ఉబికిన స్తంభాలు ఉన్నాయి. మంచి నగిషీ అంతా యజమాని కంటికే దక్కిందన్నమాట! రెండు పక్కల కాళ్లలోనూ నాలుగంతస్తుల నివాసాలున్నాయని ముందే చదివినా, అంత రాతి మధ్య మామూలు ఇంటి కిటికీలు చూసినప్పుడు నవ్వొచ్చింది.

1717లో సందర్శకుల కోసం కట్టిన పూటకూళ్ల ఇల్లు 'న్యూ ఇన్' ఇప్పుడు చారిత్రక స్థలాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి స్వాగత కేంద్రం. టీ, టికెట్లు అక్కడే. చాలామంది అక్కడ కారు ఆపి నేరుగా తోటలోకి దిగుతారు, వెనక్కి తిరిగి కమానును చూడరు. అది పొరపాటని నా అభిప్రాయం. తోటలో 40కి పైగా ఆలయాలు, స్మారకాలు ఉన్నా, 1738 నాటి పల్లాడియన్ వంతెన (ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో శైలిలోది) తప్ప మరేదీ నన్ను అంతగా ఆపలేదు.

భవనంలో 1923 నుంచి పాఠశాల నడుస్తోంది కనుక లోపలికి అన్ని రోజులూ అనుమతి ఉండదు, దాని టికెట్ కూడా వేరు. మేము బస చేసిన బకింగ్‌హమ్ లాడ్జి శుభ్రంగానే ఉంది గాని, ఉదయం ఫలహారం చల్లారిపోయి వచ్చింది. సాయంత్రం వస్తానన్న టాక్సీ రాకపోవడంతో బకింగ్‌హమ్ దాకా ఆ సూటి దారంతా నడవవలసి వచ్చింది. పిల్లలు విసుక్కున్నారు, నేను మాత్రం పది అడుగులకోసారి వెనక్కి తిరిగి, కమాను చిన్నదవుతూ పోవడం చూస్తూనే ఉన్నాను.