హెడ్‌లైట్ రిలే కిట్: రెండు మూడు వానాకాలాలు చూశాక నా మాట

ముందే చెప్పేస్తున్నా, నా బండికి ఇప్పటిదాకా పెట్టించినవాటిల్లో నాకు బాగా నచ్చింది ఈ రిలే కిట్టే (రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్ లాంటిది). సీటు, క్రాష్ గార్డు అన్నీ దీని తర్వాతే. నాది పాత 350 సీసీ బండి, 2017లో ఏహెచ్‌ఓ, అంటే ఇంజిన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైట్ దానంతటదే వెలిగే పద్ధతి రాకముందుది, హెడ్‌లైట్‌కి స్విచ్ ఉంటుంది. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లిలో డ్యూటీ. చలికాలం పొద్దున్న మంచు, సాయంత్రం దిగేసరికి చీకటి.

బండితో వచ్చిన వైరింగ్‌లో కరెంటు బ్యాటరీ నుంచి కీ స్విచ్‌కి, అక్కణ్ణుంచి హ్యాండిల్ మీద స్విచ్‌కి, మళ్ళీ బల్బుకి ఇంత చుట్టూ తిరిగి రావాలి, అదీ సన్న వైర్లలో, బండి పాతబడేకొద్దీ ప్రతి జాయింట్ దగ్గరా కొంచెం కొంచెం వోల్టేజీ తినేస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటర్ పెడితే నాకు బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, బల్బు హోల్డర్ దగ్గర 12కి కాస్త కింద. రెండు వోల్టులేగా అనిపిస్తుంది గానీ హాలోజన్‌కి వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. రిలే పెట్టాక బ్యాటరీ నుంచి లావు వైరు తిన్నగా బల్బుకొస్తుంది, స్విచ్ రిలేని ఆన్ చేస్తే చాలు, అసలు లోడు దాని మీద పడదు. బల్బు మార్చలేదు, అదే 60/55 వాట్స్ హెచ్4 (బ్రైట్‌కీ డిమ్‌కీ రెండు ఫిలమెంట్లున్న హాలోజన్ బల్బు), బల్బు హోల్డర్ దగ్గర మీటర్ 13.4 చూపించింది. ఆ సాయంత్రం ఘాట్‌లో మలుపు దగ్గర పిట్టగోడ మీద సగం చెరిగిపోయిన సున్నం గీతలు కూడా కనిపించాయి, అంతకుముందు అక్కడ గోడ ఉందని తెలియడమే తప్ప సరిగ్గా చూసింది లేదు.

షాపతను “ఈ రోజుల్లో రిలే ఏంటి మేస్టారూ, ఎల్‌ఈడీ బల్బేసుకోండి” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ పెడితే వెలుగు చెదిరిపోయి ఎదుటివాడి కళ్ళల్లో కొడుతుంది, మంచులో అయితే మన ముందే తెల్లగా కమ్మేస్తుంది. ఎక్కువ వాట్లుండే 100/90 బల్బు జోలికీ పోలేదు, రిలే ఉంటే వైర్లు తట్టుకుంటాయేమో గానీ హోల్డరూ రిఫ్లెక్టరూ మాడిపోతాయి.

ఇక అసలు విషయం. మొన్నటి వానాకాలం, రాత్రి ఎనిమిది దాటింది, ఘాట్ సగం దిగాను, సన్నగా వాన. ఎదురుగా జీపు వస్తుంటే డిప్ కొట్టాను, అంతే, లైటు మొత్తం పోయింది. డిమ్ లేదు, బ్రైట్ లేదు. మామూలు వైరింగ్‌లో డిమ్ ఫిలమెంట్ కాలిపోతే బ్రైట్ వేసుకునైనా ఇంటికి చేరతాం, ఇక్కడ రెండూ ఒకేసారి పోయాయి. ఇండికేటర్ల వెలుగులో బండిని పక్కకి తీసి సెల్ టార్చ్ నోట్లో పెట్టుకుని చూస్తే, కిట్‌లో రిలేలు రెండున్నాయి గానీ వాటికి బ్యాటరీ నుంచి వచ్చే 15 ఆంప్స్ ఫ్యూజు మాత్రం ఒక్కటే. దాని హోల్డర్‌లోకి నీళ్ళు దిగి, లోపల రేకుకి పచ్చగా చిలుము పట్టి, అక్కడ వేడెక్కీ వేడెక్కీ ప్లాస్టిక్ మెత్తబడి కుంగిపోయింది. ఫ్యూజు బాగానే ఉంది, దాన్ని పట్టుకునే రేకే కదిలిపోయింది. దగ్గర స్పేర్ ఫ్యూజు ఉన్నా ఉపయోగం లేదు.

కానీ ఆ రాత్రి నన్ను ఇంటికి చేర్చింది కూడా ఈ కిట్టే. బిగించేటప్పుడు ఒక్క వైరు కూడా కోయలేదు, బండి పాత కప్లర్ (బల్బు వెనక గుచ్చే వైర్ల ప్లగ్గు) ఊడదీసి కిట్‌కి గుచ్చారు, కిట్ కప్లర్ బల్బుకి గుచ్చారు. హెడ్‌లైట్ రిమ్ స్క్రూ విప్పి, కిట్ కప్లర్ లాగేసి, పాత కప్లర్‌నే తిన్నగా బల్బుకి గుచ్చాను, లైటొచ్చింది. పాత గుడ్డి వెలుగే, అయినా ఆ నిమిషంలో ఎంత హాయిగా అనిపించిందో. వైర్లు కోసి టేపు చుట్టిన పని అయ్యుంటే ఆ వానలో నా వల్ల అయ్యేది కాదు.

తర్వాత కిట్ తీసేయలేదు, బాగు చేయించాను. డిమ్‌కొకటి బ్రైట్‌కొకటి వేరే ఫ్యూజులు, మూతకి రబ్బరు ఉన్న హోల్డర్లు. కిట్ ఎర్తు వైరు ఫ్రేమ్ పెయింట్ మీద బిగించారు, పెయింట్ అడ్డొస్తుంది కదా, దాన్ని బ్యాటరీ నెగటివ్‌కే లాగించాను. రిలేలు పిన్నులు కిందికి ఉండేలా తిప్పించాను, నీళ్ళు లోపల నిలవకుండా. వానలు మొదలవకముందు ఒకసారి ఊడదీసి టెర్మినల్స్ తుడిపిస్తున్నా.

అంతకుముందు ఎవరడిగినా కళ్ళుమూసుకుని పెట్టించుకోమనేవాణ్ణి, ఇప్పుడు ముందు ఫ్యూజులెన్నో చూడమంటున్నా. ఇంకోటి, ఇది బ్యాటరీ మీద హెడ్‌లైట్ నడిచే బండ్లకే. యాక్సిలరేటర్ తిప్పేకొద్దీ లైటు పెరిగే ఏసీ రకం బండికి ఇది నేరుగా కుదరదు, ఛార్జింగ్ అంతలా ఉండదు, బ్యాటరీ కూర్చుంటుంది. వారంటీలో ఉన్న బండైతే సర్వీస్ సెంటర్‌లో అడిగాకే చేయించండి.

నాకు రోజూ ఘాట్ రోడ్డు కాబట్టి పెట్టిన డబ్బులకి రెండింతలు వచ్చినట్టే. టౌన్‌లో వీధి లైట్ల కింద తిరిగేవాళ్ళకి ఇంత తేడా తెలియకపోవచ్చు, వాళ్ళు పాత హోల్డర్ మార్చి టెర్మినల్స్ శుభ్రం చేయించుకుంటే సరిపోతుందేమో. ఒకే ఫ్యూజున్న కిట్ మాత్రం ఊరికే ఇచ్చినా నా బండికి మళ్ళీ ఎక్కించను.