సిప్రోనా అజిత్రోనా: కిడ్నీ మార్పిడి అయినవాళ్లకి మోషన్స్ పట్టుకుంటే ఏది మేలు?

వానలు మొదలైన దగ్గర్నుంచి నాకొచ్చే ఫోన్లలో సగం ఇవే. "అన్నా, పొద్దున్నుంచి ఎనిమిదిసార్లు వెళ్లా, జ్వరం కూడా ఉంది, సిప్రో వేసుకోనా అజిత్రో వేసుకోనా?" సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్ అని రెండూ యాంటీబయాటిక్‌లే. నేను ట్రాన్స్‌ప్లాంట్ వార్డులో ఫార్మసిస్టుని, మందు రాసేది డాక్టరే, నా పని రాసిన చీటీని ఇంకోసారి చూడటం, కాబట్టి ఇది నా వైపు నుంచి చెప్పే మాట.

మామూలు మనిషైతే ఓఆర్ఎస్ తాగుతూ రెండ్రోజులు ఓపిక పడితే చాలాసార్లు ఏ యాంటీబయాటికూ లేకుండానే తగ్గిపోద్ది. కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా ఇమ్యూనిటీ తగ్గించే టాక్రో (టాక్రోలిమస్), ఎంఎంఎఫ్ (మైకోఫెనోలేట్), వైసొలోన్ (స్టెరాయిడ్) మూడూ మింగేవాళ్లకి ఆ ఓపిక పనికిరాదు, పేగులో ఉన్న సాల్మొనెల్లా బ్యాక్టీరియా రక్తంలోకి దిగడానికి వీళ్లలో ఎక్కువ అవకాశం ఉంటది.

సిప్రో చవక, ఏ ఊరి మెడికల్ షాపులో అయినా దొరుకుద్ది, పనిచేసే చోట చాలా బాగా పనిచేస్తది కూడా. కానీ పనిచేసే చోటు మన దేశంలో తగ్గిపోయింది, నాకైతే తేల్చేది ఇదొక్కటే. ప్రతి జ్వరానికీ ప్రతి కడుపునొప్పికీ ఏళ్ల తరబడి వాడేసరికి మోషన్స్ తెప్పించే సాల్మొనెల్లా, షిగెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ బ్యాక్టీరియాలు మూడూ దానికి అలవాటు పడిపోయాయి. కల్చర్ రిపోర్టులో (మోషన్‌లో ఉన్న క్రిమిని పెంచి ఏ మందుకి లొంగుద్దో చూసే టెస్టు) పెఫ్లాక్సాసిన్ అని కనిపిస్తే అది మీకు ఇచ్చే మందు అనుకోకండి, సాల్మొనెల్లా మీద సిప్రో పారుతుందో లేదో చూడ్డానికి ల్యాబ్‌వాళ్లు పెట్టే బిళ్ల అది, దాని పక్కన ఆర్ (రెసిస్టెంట్, అంటే లొంగదు) అని ఉంటే సిప్రో సంగతి వదిలేయడమే.

సిప్రోతో ఇంకో రెండు ఇబ్బందులున్నాయి. స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లు, అరవై దాటినవాళ్లు, కిడ్నీ మార్పించుకున్నవాళ్లు సిప్రో వాడితే మడమ వెనకాల టెండాన్ (కండని ఎముకకి కట్టే పట్టీ) తెగే ప్రమాదం పెరుగుద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే పెద్ద హెచ్చరిక పెట్టించింది, మనవాళ్లలో చాలామందికి ఆ మూడింట్లో రెండైనా ఉంటాయి. రెండోది పెరుగు. మోషన్స్ అనగానే ఇంట్లో పెరుగన్నమే కదా పెట్టేది, దాంతోపాటే సిప్రో మింగితే పూర్తిగా ఒంటికి పట్టదు, ఐరన్ కాల్షియం గోళీలతో అయితే మరీ.

అజిత్రోకి నా ఓటు అందుకే, మామూలుగా 500 ఒకటి చొప్పున మూడు రోజులు. టాక్రోతో పెద్దగా గొడవ పడదు. అయితే పోయిన నెల ఒకాయనకి షాపులో అజిత్రో లేదని "ఇదీ అదే గ్రూపు సార్" అంటూ క్లారిత్రోమైసిన్ ఇచ్చారు, నాలుగో రోజు ఓపీకి వచ్చేసరికి చేతిలో టీ గ్లాసు నిలబడట్లేదు, సాసర్ లేకపోతే చొక్కా మీదే, రక్తంలో టాక్రో లెవెల్ అంత పైకెళ్లిపోయింది. గ్రూపు ఒకటే గానీ టాక్రోని కరిగించే ఎంజైమ్‌ని క్లారిత్రో ఆపేస్తది, అజిత్రో దాదాపు ముట్టుకోదు. అసలు మోషన్స్ వల్లే లెవెల్ పెరుగుద్ది కాబట్టి ఏ మందు వాడినా టాక్రో టెస్టు చేయించుకోవాల్సిందే. గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఈసీజీ తీశాకే అజిత్రో, పైగా వాంతులకి ఆండన్‌సెట్రాన్ కూడా రాస్తారు, రెండూ కలిస్తే గుండె లయ మీద పడతాయి. ఆ విషయంలో సిప్రో కూడా శుద్ధపూస కాదు.

అజిత్రో ఓడిపోయే చోటు ఒకటుంది. చలితో వణుకు, బీపీ పడిపోవడం ఉంటే రెండూ కాదు, అడ్మిట్ అయ్యి సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్. అజిత్రో కణాల్లోకి బాగా దూరుద్ది గానీ రక్తంలో దాని మోతాదు తక్కువ, రక్తంలో ఉన్న క్రిమికి అది చాలదు.

మిగతా మందుల సంగతి చకచకా: ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ సిప్రోకి తమ్ముడే, వద్దు. రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్ జ్వరం, రక్తం ఉన్న విరేచనాలకి కాదు. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్‌ని ఇన్ఫెక్షన్ రాకుండా చాలామంది రోజూ ఎటూ మింగుతూనే ఉన్నారు, అయినా వచ్చిందంటే దాన్ని నమ్ముకోలేం. ఈమధ్యే యాంటీబయాటిక్ కోర్సు అయి ఉంటే సి డిఫ్ (యాంటీబయాటిక్‌ల తర్వాత పేగులో పెరిగే బ్యాక్టీరియా) టెస్టు చేయించాలి, దాని మందు వేరే, నోటి ద్వారా వ్యాంకోమైసిన్.

ఒక్కోసారి బ్యాక్టీరియానే ఉండదు, ఎంఎంఎఫ్ వల్లో సీఎంవీ వైరస్ వల్లో వస్తాయి. అందుకే మొదటి గోళీకి ముందే ల్యాబ్ డబ్బాలో శాంపిల్ ఇచ్చి మీ నెఫ్రాలజిస్టుకి ఫోన్ కొట్టండి. రిపోర్టులో సిప్రో పక్కన ఎస్ (సెన్సిటివ్, అంటే లొంగుద్ది) అని వచ్చి, అజిత్రోతో తగ్గకపోతే, మార్చమని డాక్టర్‌ని అడిగేది నేనే.