మా నాయన కాలి పుండుకు వాడిన గ్రోత్ ఫ్యాక్టర్ జెల్

ఆత్మకూరు దగ్గర మా చేను గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగే మా నాయనకు, ఇరవై ఏళ్ల షుగరుతో అరికాళ్లు మొద్దుబారినందువల్ల, గుచ్చుకున్న ముల్లు చీము పట్టేదాకా తెలియలేదు. నెల్లూరు పొగతోటలోని ఒక ఆసుపత్రిలో మూడు నెలలు కట్లు కట్టించినా బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పుండు మానకపోవడంతో, సర్జన్ గారు బెకాప్లెర్మిన్ జెల్ రాసిచ్చారు.

గాయమైన చోట రక్తంలోని ప్లేట్‌లెట్లు విడుదల చేసే పీడీజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ను, అంటే కణాలను పెంచే ప్రొటీన్‌ను, ఈస్ట్ కణాలలో తయారుచేసి ఈ జెల్‌లో కలుపుతారు. కొత్త కండను అల్లే కణాలను పుండులోకి రప్పించి, వాటిని వృద్ధి చేయడం దీని పని. అమెరికాలో 1997లోనే దీనికి అనుమతి లభించింది. 1998లో వెలువడిన అధ్యయనంలో 20 వారాలకు ఈ జెల్ వాడినవారిలో 50 శాతం మందికి, మందు లేని జెల్ వాడినవారిలో 35 శాతం మందికి పుండు పూర్తిగా మానింది. తేడా ఉన్న మాట నిజమే కానీ, దీన్ని సంజీవని అనుకోకూడదు.

మొదటి రోజు నేను దోసె మీద వెన్న పూసినట్టు దట్టంగా పట్టిస్తే, నర్సమ్మ తుడిచేసి ఒకటిన్నర మిల్లీమీటరు మందాన పరిచి చూపించింది. పన్నెండు గంటల తర్వాత సెలైన్‌తో కడిగి, మిగిలిన పూట తడి గాజుగుడ్డ మాత్రమే కట్టాలి. వారం వారం సర్జన్ గారు చచ్చిన కండను, చుట్టూ గట్టిపడిన ఆనెను కోసి తీసేవారు. ఆ పాదం మీద బరువు మోపనివ్వలేదు. ఈ రెండూ లేకపోతే జెల్‌కు పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరే అయ్యేదని నా నమ్మకం. ఎముక బయటపడేంత లోతు పుండయితే దాన్ని కప్పే ఆపరేషన్ గురించి ఆలోచించాల్సి వచ్చేదని కూడా సర్జన్ గారు ముందే చెప్పారు.

ఆరో వారానికి పుండు అడుగు దానిమ్మ గింజ రంగుకు తిరిగింది. పద్నాలుగో వారానికి మూసుకుంది.

క్యాన్సర్ భయంతో అమెరికాలో 2008లో ఈ జెల్ మీద పెట్టిన తీవ్ర హెచ్చరికను 2018లో తొలగించినా, పుండు ఉన్నచోటే కణితి ఉంటే దీన్ని వాడకూడదు.

నా అసంతృప్తి అమ్మకం తీరు మీదే. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాల్సిన ట్యూబును, మే నెల ఎండలో, మందుల దుకాణం వారు ఐస్ ప్యాక్ లేకుండా కాగితం కవరులో చేతిలో పెట్టారు. వాపసు చేసి, ఇంటి నుంచి ఐస్ పెట్టె తెచ్చుకుని ఫ్రిజ్‌లోంచి తీసిన వేరే ట్యూబు తీసుకున్నాను. లోపలి సూచనల కాగితం మొత్తం ఇంగ్లీషే కావడంతో, అమ్మ కోసం వాడే పద్ధతిని తెలుగులో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను.