వీధి పిల్లికి ఏది మేలు: ఏరు దాటించడమా, ఇంట్లో పెంచడమా, ఆపరేషన్ చేయించి అక్కడే ఉంచడమా?

కోనసీమలో పిల్లి లేని ఊరు లేదు. చేపల బజారు, రైసు మిల్లు, కొబ్బరి కొట్టు, పెంకుటింటి అటక, గడ్డిమేటు... తిండి, ఎలుకలు, దాక్కునే చోటు మూడూ దొరికే ప్రాంతం ఇది. గొడవంతా అటక మీద పిల్లలు పెట్టినప్పుడో, అర్ధరాత్రి ప్రహరీ మీద రెండు గండుపిల్లులు తలపడినప్పుడో మొదలవుతుంది. "సంచిలో వేసి ఏటి అవతల వదిలేసి రండి" అని పెద్దవాళ్ళు అంటారు. "పాపం నాన్నా, మనమే పెంచుకుందాం" అని పిల్లలు బతిమాలతారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించి దాని చోట దాన్ని ఉండనిద్దాం అనే మాట ఇప్పుడిప్పుడే వినపడుతోంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి దారి దాదాపు ఎప్పుడూ తప్పే. మిగతా రెండిట్లో ఏది మేలో మన జాలిని బట్టి తేల్చకూడదు. ఆ పిల్లి మనిషిని ఎలా చూస్తోందో గమనించి తేల్చాలి.

ఏరు దాటిస్తే

సఖినేటిపల్లి, నర్సాపురం రేవుల మధ్య పంటు మీద వెళ్ళేవాళ్ళకు గోనెసంచిలో పిల్లి అరుపు కొత్త కాదు. నీళ్ళు దాటిస్తే తిరిగి రాదని నమ్మకం. గోదావరి పాయ అడ్డముంటే రాలేకపోవచ్చు, నిజమే. అవతలి ఒడ్డున దాని గతేమిటన్నది మాత్రం ఎవరూ చూడరు.

పిల్లి తన చోటును వాసనతో గుర్తు పెట్టుకుంటుంది. బుగ్గలు రుద్దిన గుమ్మం, గోళ్ళు గీరిన కొబ్బరి మొద్దు, మూత్రం చిమ్మిన గోడ మూల, ఇవన్నీ దాని ఆనవాళ్ళు. ఎక్కడ నీళ్ళున్నాయో, ఏ కుక్క ఏ వేళకు వస్తుందో, ఏ సందులో దూరితే ప్రాణం దక్కుతుందో దానికి తెలుసు. కొత్త ఊళ్ళో ఇవేవీ ఉండవు. అక్కడి పిల్లులు దీన్ని రానివ్వవు. చాలా పిల్లులు పాత చోటు వెతుక్కుంటూ నడుస్తూనే ఉంటాయి. ఆ నడకలో కొన్ని లారీల కింద పడతాయి, కొన్ని కుక్కల నోట పడతాయి. పాలిచ్చే తల్లిని ఇలా పంపేస్తే అటక మీద కూనలు ఆకలితో చనిపోతాయి, ఆ వాసన వచ్చాక గానీ ఇంట్లోవాళ్ళకు తెలియదు.

ఇంత చేసినా మన ఇబ్బంది తీరదు. తిండీ ఎలుకలూ ఇక్కడే ఉన్నాయి కాబట్టి ఖాళీ అయిన చోటికి ఇంకో పిల్లి వస్తుంది. అది ఆపరేషన్ కాని పిల్లే అయితే కథ మళ్ళీ మొదటికి. పైగా ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం.

చోటు మార్చక తప్పని సందర్భం ఒకటుంది: పిల్లులు ఉంటున్న పాత మిల్లునో మండువా ఇంటినో కూల్చేస్తున్నప్పుడు. అప్పుడైనా సంచి విప్పి వదిలేయడం కాదు. కొత్త చోట, ఒప్పుకున్న మనుషుల దగ్గర, రెండు మూడు వారాలు గదిలోనో పెద్ద బోనులోనో ఉంచి, వేళకు తిండి పెట్టి, ఆ వాసనలకు అలవాటు పడ్డాకే తలుపు తీయాలి.

ఇంట్లోకి తేవాలంటే ముందు చూడాల్సింది

పిల్లి కూనకు రెండో వారం నుంచి ఏడో వారం దాకా ఉన్న కాలం చాలా విలువైనది. ఆ రోజుల్లో మనిషి చెయ్యి, గొంతు, వాసన పరిచయమైతే జీవితాంతం మనిషిని నమ్ముతుంది. ఆ కాలమంతా మనిషి ఎరగకుండా గడ్డిమేటు కింద గడిచిపోతే మనిషి దానికి తనను వేటాడే ఒక పెద్ద జంతువు, అంతే. రెండు మూడు నెలల కూననైతే ఓపికతో మచ్చిక చేసుకోవచ్చు. ఏడాది దాటిన పిల్లితో ఆ పని చాలా అరుదుగా కుదురుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. భయపడ్డ పెంపుడు పిల్లీ, ఎప్పుడూ మనిషిని ఎరగని పిల్లీ బోనులో మొదటి రోజు ఒకేలా కనిపిస్తాయి. రెండూ చెవులు వెనక్కి వాల్చి బుసకొడతాయి, మూలకు నక్కుతాయి, పంజా విసురుతాయి. తేడా తెలియాలంటే ఒకటి రెండు రోజులు పట్టుతుంది. బోను మీద గుడ్డ కప్పి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో పెట్టి, దూరంగా కూర్చుని చూడాలి. ఎవరో పెంచి వదిలేసిన పిల్లి మెల్లగా ముందుకు జరుగుతుంది. గిన్నె చప్పుడుకు తల తిప్పుతుంది, మొహంలోకి చూస్తుంది, మ్యావ్ అంటుంది. ఈ మ్యావ్ మంచి ఆనవాలు, ఎందుకంటే పెద్ద పిల్లులు తమలో తాము మ్యావ్ అనుకోవడం చాలా తక్కువ, అది ఎక్కువగా మనుషుల కోసం నేర్చుకున్న పిలుపు. తోక నిటారుగా ఎత్తి ఎదురొచ్చిందంటే ఇక సందేహం అక్కర్లేదు, అది ఒకప్పుడు ఎవరింట్లోనో తిరిగిన పిల్లే. మనిషిని ఎరగని పిల్లి కళ్ళు కలపదు, గొంతు విప్పదు, మనం గదిలో ఉన్నంతసేపు ముద్ద ముట్టదు.

ఒంటిని చూసి మోసపోకండి. బయట పుట్టి పెరిగిన పిల్లి తరచు నున్నగా, శుభ్రంగా ఉంటుంది. దానికి ఆ బతుకు తెలుసు. మట్టిగొట్టుకుపోయి, చిక్కిపోయి, వీధి చివర బిక్కుబిక్కుమంటూ కూర్చున్నది చాలాసార్లు ఇంట్లోంచి గెంటేసిన పిల్లి. బుగ్గలు ఉబ్బి తల వెడల్పుగా ఉన్నది ఆపరేషన్ కాని గండుపిల్లి.

దగ్గరవ్వాలనుకుంటే కళ్ళార్పకుండా చూడొద్దు. పిల్లి భాషలో అది తగవుకు పిలుపు. కళ్ళు సగం మూసి నెమ్మదిగా తెరవండి. 2020లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షించి చూస్తే, మనిషి ఇలా చేసినప్పుడు పిల్లులూ తిరిగి కళ్ళు నెమ్మదిగా ఆర్పాయి, కొత్త మనిషి చాచిన చెయ్యి దగ్గరకు రావడానికి ఎక్కువ ఇష్టపడ్డాయి. తోక అటూ ఇటూ కొడుతోందంటే సంతోషం కాదు, విసుగు. గుర్రుమంటోందంటే ఎప్పుడూ సుఖమనీ కాదు, దెబ్బ తగిలిన పిల్లి కూడా గుర్రుమంటుంది.

మచ్చికయ్యేదైతే, ఇంట్లో పెంచడానికి మించింది లేదు. కుక్కలు, బళ్ళు, ఎలుకల మందు, వీటన్నిటి నుంచీ అది బయటపడుతుంది. మొదట ఒక్క గదే ఇవ్వండి. దాక్కోవడానికి అట్టపెట్టె, టబ్బులో ఏటి ఇసుక చాలు. ఇసుకను రోజూ శుభ్రం చేయాలి. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా క్రిమి ఉంటే అది మనిషికి అంటుకునే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, కాబట్టి రోజూ తీసేస్తే భయం చాలావరకు తగ్గుతుంది. గర్భిణులు ఆ పని వేరేవాళ్ళకు అప్పగించాలి.

తిండి విషయంలో మన ఇళ్ళలో ప్రేమ ఎక్కువ, వివరం తక్కువ. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, కూనలకు గేదె పాలు పోస్తే విరేచనాలు పట్టుకుని ప్రాణం మీదకు వస్తుంది. పెరుగన్నం మీద పిల్లి బతకలేదు. దానికి టారిన్ అనే పోషకం కావాలి, అది మాంసంలో, చేపలో దొరుకుతుంది. అది లేకపోతే చూపు, గుండె దెబ్బతింటాయి. చేప పెడితే ఉడికించి, ముల్లు తీసి, ఉప్పూ కారం ఉల్లిపాయ లేకుండా పెట్టాలి. ఉప్పుచేప వద్దు. నేల తుడిచే ఫినాయిల్ పిల్లికి విషం, పాదాలు నాక్కుంటే ఒంట్లోకి పోతుంది. జ్వరమొచ్చిందని పారాసెటమాల్ ముక్క వేస్తే చచ్చిపోతుంది. ఈ రెండు మాటలు మాత్రం పిల్లిని పెంచే ప్రతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

మరి మచ్చిక కాని పెద్ద పిల్లిని జాలిపడి గదిలో పెడితే? పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందంటారు. దీన్ని కొట్టక్కర్లేదు, తలుపు వేస్తే చాలు. తిండి మానేస్తుంది. పిల్లి వరసగా మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి మంచం పడుతుంది. మగ పిల్లికైతే టెన్షన్‌తో మూత్రం బిగిసిపోయే ప్రమాదమూ ఉంది. అలాంటి పిల్లికి మనిల్లు ఆశ్రయం కాదు, జైలు.

ఆపరేషన్ చేయించి అక్కడే వదలడం

మచ్చిక కాని పిల్లికి మేలైంది ఇదే. పట్టి, ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, మత్తులో ఉండగానే చెవి కొస కాస్త కత్తిరించి, పట్టిన చోటే వదిలేయడం. ఆ చెవి గుర్తు వల్ల దాన్నే మళ్ళీ పట్టి కోత పెట్టరు. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకొస్తుంది, సుమారు రెండు నెలలు మోసి మూడు నుంచి ఐదు కూనల్ని పెడుతుంది, ఏడాదికి రెండు మూడుసార్లు. వాటిలో చాలా కూనలు బతకవు. వాటి చావును ఆపేది ఈ ఆపరేషనే. గండుపిల్లులకు చేయిస్తే రాత్రి అరుపులు, కొట్లాటలు, గోడల మీద చిమ్మే ఆ ఘాటు వాసన బాగా తగ్గుతాయి. వీధిలోవాళ్ళు పిల్లుల మీద కోపం తగ్గించుకునేది కూడా అప్పుడే.

తిండి మాత్రం పెడుతూ ఆపరేషన్ ఊసెత్తని మంచివాళ్ళు మన ఊళ్ళలో ఎక్కువ. వాళ్ళ మనసు మీద నాకు గౌరవముంది. కానీ కడుపు నిండిన పిల్లి ఇంకా ఎక్కువ కూనల్ని పెడుతుంది, నాలుగు గిన్నెలు పది గిన్నెలవుతాయి, చివరికి ఎవరో విసుగెత్తి అన్నంలో మందు కలుపుతారు. గిన్నె పెట్టే చెయ్యే బోను కూడా పెట్టాలి. పిల్లి నమ్మేది ఆ చేతినే.

ఎలకల బోను సరిపోదు. రెండున్నర, మూడడుగుల పొడవు, అడుగు ఎత్తు ఉన్నది కావాలి. వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. ముందు కొన్నాళ్ళు తలుపు పడకుండా కట్టేసి, రోజూ దాన్లోనే తిండి పెట్టండి. పట్టే రోజు వేయించిన ఎండురొయ్యలు నాలుగు వేస్తే ఆ వాసనకు రాని పిల్లి ఉండదు. పడగానే గుడ్డ కప్పేయాలి, లోపల చీకటైతే సద్దుమణుగుతుంది. చేత్తో పట్టడానికి వెళ్ళొద్దు. కరిచినా, రక్కినా పావుగంట సేపు సబ్బు రాసి ధార నీళ్ళ కింద కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి.

ఈ దారిలో అసలు ఇబ్బంది డాక్టరు దొరకడం. చాలా ఊళ్ళలో పశువుల ఆసుపత్రికి గేదెల పనే సరిపోతుంది. రాజమండ్రి, కాకినాడ, భీమవరం లాంటి పట్టణాల్లో పెంపుడు జంతువుల క్లినిక్కుల్ని ముందు ఫోనులో అడగండి: బయట పిల్లికి చేస్తారా, కరిగిపోయే కుట్లే వేస్తారా, మర్నాటిదాకా బోనులో ఉంచుకోనిస్తారా? కుట్లు విప్పడానికి ఆ పిల్లి మళ్ళీ చేతికి చిక్కదు కాబట్టి రెండో ప్రశ్న ముఖ్యం. కృష్ణా జిల్లా గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, దూరమైనా విచారించదగ్గ చోటు. ఆపరేషన్ అయ్యాక మగదాన్ని ఒక రోజు, ఆడదాన్ని రెండు రోజులు ఉంచి, మత్తు పూర్తిగా దిగాకే వదలాలి. వానాకాలంలో లంక గ్రామాలకు వరద హెచ్చరిక ఉంటే పట్టడం వాయిదా వేయండి.

వరి చేలల్లో పెట్టే ఎలుకల మందు ఈ పిల్లుల ప్రాణాలు తీస్తుంది. బ్రోమాడియోలోన్ తిన్న ఎలుకను తిన్న పిల్లికీ విషం ఎక్కుతుంది. చుట్టుపక్కల రైతులతో మాట్లాడి, గట్ల మీద చచ్చిన ఎలుకల్ని ఏరి పాతిపెట్టమని అడగాలి. వెదురు బుట్టలతో ఎలుకలు పట్టేవాళ్ళు మన డెల్టాలో ఉన్నారు, పిల్లుల వరకు ఆ పద్ధతి ఎంతో నయం.

ఇంకో జాగ్రత్త. చెరుకు తోటలోనో రెల్లుపొదల్లోనో దొరికిన కూన మామూలు పిల్లి కాకపోవచ్చు. కోరింగ మడ అడవుల్లో బావురుపిల్లులున్నాయి, పొలాల్లో అడవిపిల్లి తిరుగుతుంది. పొడుగు కాళ్ళు, కురచ తోక, చెవుల కొసన చిన్న కుచ్చు కనిపిస్తే అది అడవిపిల్లి, దాన్ని తాకకండి. 1972 వన్యప్రాణి చట్టం వీటిని కాపాడుతోంది. తల్లి చుట్టుపక్కలే ఉంటుంది. లేదనిపిస్తే అటవీశాఖకు చెప్పాలి.

ఒకే ఇంట్లో రెండు దారులూ పట్టాల్సి వచ్చేది అటక మీద తల్లీ కూనలు ఉన్నప్పుడు. "పొద్దున్నుంచి తల్లి లేదమ్మా, తెచ్చేసుకో" అని పక్కింటి పిన్నిగారు చెప్పగానే కూనల్ని ఎత్తుకురాకండి. తల్లి వేటకు వెళ్ళి ఉంటుంది. మాటిమాటికీ నిచ్చెనెక్కి చూస్తే అది కూనల్ని ఇంకో చోటికి మార్చేస్తుంది, ఏడిళ్ళు తిప్పుతుందని మనవాళ్ళు అనేది ఇందుకే. దూరం నుంచే తల్లికి తిండి పెట్టండి. అయిదో వారం వచ్చాక కూనలకు మెత్తటి ఉడికిన చేప అలవాటు చేస్తూ, మీ చెయ్యి మచ్చిక చేస్తూ రండి. ఎనిమిదో వారానికి పాలు మాన్పించి ఇళ్ళకు ఇవ్వండి. ఇచ్చే ముందే మొదటి టీకా వేయించండి. తల్లికి పాలు ఆరడానికి ఇంకో రెండు వారాలు చూసి బోను పెట్టండి, అంతకు మించి ఆలస్యం చేయొద్దు. కూనలు పాలు తాగుతుండగానే అది మళ్ళీ చూలు కట్టవచ్చు.