గుంటూరు కొత్తపేటలో అమ్మకి పీఎఫ్‌టీ (ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష): ఐదుకి నాలుగు స్టార్లు

మా అమ్మకి 61 ఏళ్లు. చుట్ట, బీడీ ఎరగదు. కానీ ఇంట్లోకి గ్యాస్ వచ్చేదాకా కట్టెల పొయ్యే, పత్తికట్టె పొగే. కొంతకాలంగా నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పొద్దున్నే దగ్గు, కళ్లె.

ముందు ఇంటి దగ్గర ల్యాబ్‌లో చేయించాం. ఎఫ్‌వీసీ 1.38 లీటర్లు, ఎఫ్‌ఈవీ1 1.10, ఎఫ్‌ఈవీ1ని ఎఫ్‌వీసీతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 0.80 అని వచ్చింది. కింద మిషనే అచ్చేసిన ముక్క: ‘రిస్ట్రిక్షన్’, అంటే ఊపిరితిత్తుల్లో పట్టే గాలి తగ్గడం. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. సీటీ స్కాన్ దాకా వెళ్లింది మాట.

కొత్తపేటలో మేం చూపించుకున్న ఛాతీ డాక్టరు గారు ఆ అంకెల జోలికే పోలేదు. గ్రాఫు మీద వేలు పెట్టి, ‘గీత రెండో సెకనులోనే తెగిపోయింది చూడండి, అమ్మగారు మధ్యలో ఆపేశారు’ అన్నారు. ఎఫ్‌ఈవీ1 అంటే మొదటి సెకనులో బయటికొచ్చిన గాలి. ఎఫ్‌వీసీ అంటే నిండా పీల్చి మొత్తం వదిలిన గాలి. మధ్యలో ఆపితే మొత్తం తగ్గుతుంది గానీ మొదటి సెకను తగ్గదు. దాంతో నిష్పత్తి బాగున్నట్టే కనబడుతుంది, అసలు జబ్బు కనపడకుండా పోతుంది. పైగా రిస్ట్రిక్షన్ అని తేల్చాలంటే ఊపిరితిత్తుల మొత్తం కెపాసిటీ వేరే పరీక్షలో కొలవాలట, ఊదుడు పరీక్ష ఒక్కటీ చాలదట.

అందుకే ఇక్కడ మళ్లీ చేయించాం. నాకు బాగా నచ్చింది టెక్నీషియన్ అమ్మాయి. చెప్పులు విప్పించి ఎత్తు కొలిచింది (ముందు ల్యాబ్‌లో నోటిమాటగా అడిగి రాసుకున్నారు). మనిషికి ఉండాల్సిన విలువను వయసు, ఎత్తు, ఆడా మగా చూసి లెక్కగడతారు కాబట్టి అది చిన్న విషయం కాదు. ముక్కుకి క్లిప్ పెట్టి, గొట్టం చుట్టూ పెదాలు బిగించమంది. అమ్మ అలవాటుగా ఉఫ్ ఉఫ్ అని ఊదుతుంటే, ‘పిన్నిగారూ, పొయ్యి దగ్గర ఊదుగొట్టం కాదండీ ఇది! ఒక్క ఊపున ఊది, ఆపకుండా చివరిదాకా వదులుతూనే ఉండాలి’ అంది. ఇక ‘ఇంకా, ఇంకా, ఇంకా కొంచెం’ అని పక్కనే నిలబడి అరుస్తూనే ఉంది. అమ్మ మొహం ఎర్రబడితే కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, మళ్లీ మొదలెట్టింది. సరిగ్గా వచ్చినవి కనీసం మూడుండాలి, వాటిలో మెరుగైన రెండిటికీ తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదట. అది కుదిరేదాకా వదల్లేదు.

ఈసారి ఎఫ్‌వీసీ 1.86, ఎఫ్‌ఈవీ1 1.12. గాలి గొట్టాలు తెరిచే మందు సాల్బుటమాల్ పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తే 1.92, 1.19. నిష్పత్తి 0.62. మందు తర్వాత కూడా 0.70 కంటే తక్కువుంటే గాలి గొట్టాలు బిగుసుకున్నట్టు లెక్క. వయసు పైబడినవాళ్లలో ఈ నిష్పత్తి మామూలుగానే కొంత తగ్గుతుందని డాక్టరు గారు ఆ వయసుకి ఉండే కనీస హద్దుతో కూడా పోల్చి చూశారు, దానికీ కిందే ఉంది. మందుతో పెద్దగా పెరగలేదు కాబట్టి ఆస్తమా కంటే సీఓపీడీ (పొగ లాంటి వాటివల్ల గాలి గొట్టాలు ఇరుకై, పూర్తిగా మామూలు కాని దీర్ఘకాలపు జబ్బు) వైపే మొగ్గారు. అదీ అంకెలొక్కటే చూసి కాదు, పొయ్యి సంగతి, దగ్గు సంగతి అన్నీ అడిగాకే. ఎఫ్‌ఈవీ1 ఉండాల్సినదాంట్లో 66 శాతం, అంటే మధ్యస్థం.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, ఆయాసం వాళ్లు వచ్చే చోటు రెండో అంతస్తులో పెట్టి లిఫ్ట్ లేదు. రిపోర్టు ఇచ్చే థర్మల్ కాగితం వెలిసిపోతుంది, తీసుకోగానే జిరాక్స్ చేయించుకోండి. గ్రాఫు పేజీ అడిగి మరీ తీసుకోండి, అడక్కపోతే అంకెల పేజీయే ఇస్తున్నారు. ఇన్‌హేలర్ వాడేవాళ్లు దాన్ని ఎన్ని గంటల ముందు ఆపాలో ఫోన్‌లోనే కనుక్కుని వెళ్లండి, ఈ మధ్య కంటి ఆపరేషనో గుండెపోటో అయినవాళ్లు ఆ సంగతి ముందే చెప్పండి. ముందు ల్యాబ్ కంటే 400 ఎక్కువ తీసుకున్నారు. పదింటికల్లా వెళ్తే జనం తక్కువ.