అక్క నిద్ర కోసం కేరళ వెళ్లాం: కొట్టక్కల్, కోవళం, నెయ్యార్ డ్యామ్

ఏళ్ల తరబడి ఒత్తిడితో నిద్ర కరువైనవాళ్లు కేరళ వెళ్తామంటే ముందు కొట్టక్కల్‌లోని ఆయుర్వేద వైద్యశాలకి వెళ్లమంటాను. యోగా ఆశ్రమం సంగతి ఆ తర్వాత. మా అక్క విషయంలో తేలింది ఇదే.

మంచాన పడ్డ అత్తగారికి ఏళ్లపాటు సేవ చేసింది అక్క. ఆవిడ పోయాక కూడా అర్ధరాత్రి దాటగానే మెలకువ వచ్చేసేది. గుండె దడ, చిన్నమాటకే ఏడుపు. సైకియాట్రిస్టు ఇచ్చిన మాత్రలు మానకుండా, ఆయన్ని అడిగే బయల్దేరాం.

శబరి ఎక్స్‌ప్రెస్‌లో పాలక్కాడ్ దగ్గర దిగి, పెరింతల్‌మణ్ణ మీదుగా కొట్టక్కల్ చేరాం. కాలికట్ వైపు నుంచి వచ్చేవాళ్లకి తిరూర్ స్టేషన్ దగ్గర. పి.ఎస్. వారియర్ 1902లో మొదలుపెట్టిన ఆర్య వైద్యశాల ఉన్న ఊరు ఇది. మానసిక వ్యాధులకి ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి కూడా ఇదే ఊళ్లో ఉంది.

వైద్యశాలలో నాకు బాగా నచ్చింది మొదటి రోజు. నూనె జోలికి పోకముందే డాక్టరమ్మ చాలాసేపు అడిగింది: నిద్ర, ఆకలి, విరేచనం, నెలసరి, వేసుకునే ప్రతి మాత్రా. అక్క థైరాయిడ్ మాత్ర వాడుతుందని తెలియగానే, ఇంట్లో పాలల్లో కలుపుకుని తాగుతున్న అశ్వగంధ పొడి ఆపేయమంది. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్‌ని పెంచగలదు, నిద్రమాత్రల మత్తునీ పెంచగలదు. గర్భిణులు అసలు తీసుకోకూడదు. మన దగ్గర దాన్ని ఎవరూ ఏమీ అడక్కుండా కొనేసుకుంటున్నాం, నాకు నిజంగా భయం వేస్తుంది.

తర్వాత శిరోధార. ద్రోణి అనే చెక్కబల్ల మీద పడుకోబెట్టి, కళ్లలోకి కారకుండా నుదుటికి గుడ్డ కట్టి, పైన వేలాడే పాత్ర నుంచి గోరువెచ్చని నూనెని సన్నటి ధారగా వదులుతారు. అక్కకి వాడింది క్షీరబలా తైలం: బల అనే మొక్క వేరు, పాలు, నువ్వుల నూనె కలిపి కాచింది. కొందరికి నూనె బదులు తుంగముస్తలు, ఉసిరి కలిపిన మజ్జిగతో చేస్తారు, దాన్ని తక్రధార అంటారు. ఆడవాళ్లకి ఆడవాళ్లే చేస్తారు. స్నానం అయ్యాక మాడుకి రాస్నాది చూర్ణం అనే మూలికల పొడి రాసి, "చేచ్చీ (అక్కా), పగలు పడుకోకూడదు" అని రోజూ గుర్తుచేసేవాళ్లు. రాత్రికి గంజి, పెసలు. తోడుగా వచ్చిన మనిషికీ గదిలోనే మంచం ఉంటుంది. ఆడంబరం ఏమీ లేదు, శుభ్రం ఉంది. కారం లేని తిండికి మనవాళ్లు కాస్త సిద్ధపడాలి.

మొదటి వారం దాటేసరికి అక్క తెల్లవారుజాము దాకా పడుకుంది. ఇందులో నూనె ఎంత, వేళకి తిండి, ఫోన్ లేకపోవడం, ఇంటి బాధ్యత దిగడం ఎంత అంటే నేను విడదీసి చెప్పలేను. రెండో వాటాయే ఎక్కువని నా నమ్మకం.

తిరువనంతపురం దగ్గరి కోవళం వైపు ఒక రిసార్టులోకి కూడా వెళ్లి చూశాం. స్ట్రెస్ ప్యాకేజీ అని ధరల కార్డు చేతిలో పెట్టారు. డాక్టరు ఎవరని అడిగితే సాయంత్రం వస్తారన్నారు. ధార మాత్రం ఇప్పుడే చేస్తారట! వెనక్కి వచ్చేశాం. ఆయుర్వేద కేంద్రాలకి కేరళ పర్యాటక శాఖ శ్రేణులవారీగా గుర్తింపు ఇస్తుంది, ఆ పత్రం చూపించమని అడగండి.

చికిత్స ఎన్నాళ్లో, అది ముగిశాక పథ్యమూ అన్నాళ్లు, ఆ రోజుల్లో ఒళ్లు అలిసే ఆసనాలు వద్దన్నారు వైద్యశాలవాళ్లు. అందుకని ఇంటికొచ్చేసి, పథ్యం అయ్యాక మళ్లీ వెళ్లాం, ఈసారి తిరువనంతపురానికి 30 కిలోమీటర్ల దూరంలోని నెయ్యార్ డ్యామ్‌కి. అక్కడి శివానంద ఆశ్రమాన్ని విష్ణుదేవానంద స్వామి 1978లో స్థాపించారు. తెల్లవారుజామున 5.20కి గంట. ఆరింటికి సత్సంగం, పొద్దునా సాయంత్రమూ ఆసనాలు, రోజుకి రెండే పూటలు భోజనం. ఉల్లి, వెల్లుల్లి, కాఫీ ఉండవు. అన్నిటికీ హాజరు తప్పనిసరి. సూర్య నమస్కారాలు, ప్రాణాయామం, పన్నెండు మూల ఆసనాలు, చివర్న శవాసనం. బోధన ఇంగ్లీషులో. అక్క మోకాళ్ల వల్ల కొన్ని ఆసనాలు వదిలేసింది, కానీ ఇవాళ్టికీ ఇంట్లో చేస్తున్నది ఇక్కడ నేర్చుకున్నదే. నిద్ర పూర్తిగా చెడి ఉన్నప్పుడు మాత్రం ఈ దినచర్య భారమవుతుంది.

అంత ఖర్చు, సెలవు కుదరనివాళ్లకి హైదరాబాద్ అమీర్‌పేటలో ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం ఉంది. కొట్టక్కల్ వెళ్లేవాళ్లు గది ముందే రాయించుకోండి, జులై మధ్య నుంచి మలయాళీల కర్కాటక మాసంలో రద్దీ ఎక్కువ. వేసుకునే మాత్రల చీటీలన్నీ వెంట తీసుకెళ్లండి.